తగరపు రేకులు

లైకస్ లోయలో ఎవర్నడిగినా చూపిస్తారు మా ఇల్లు:
ఉన్ని అద్దకాల వీధి దాటి,
భూకంపానికి నడుం విరిగిన స్నానశాల పక్కన,
తలుపు మీద తగరపు రేకు వేలాడుతుంటుంది.
నా పేరు తతియ.
దేవదూతల పేర్లు అమ్ముకునేదాన్ని.

వేలెడంత రేకు, ఇనుప సూది,
అదే నా పెట్టుబడి.
జ్వరానికొక దూత, గుమ్మానికొక దూత,
గొర్రెల మందకి, కాన్పుగదికి, రాత్రి ప్రయాణానికి
ఎవరి దూత వాళ్ళకే.
నేలని అదిమిపట్టే దూత మాత్రం కాస్త ఖరీదు,
మా లోయ అడుగున ఏం కదులుతుందో
ఎవరికి తెలుసు గనక.

ఒక్క గీత తప్పితే దూతకి కోపమొస్తుందని
మా అమ్మ చెప్పేది.
నలభై ఏళ్ళు ఊపిరి బిగబట్టి గీశాను.
అమావాస్యలు లెక్కపెట్టాను, పస్తులున్నాను.
ఆకాశాలు ఏడు, ఏడింటికీ గుమ్మాలు,
గుమ్మం గుమ్మానికీ కాపలా,
ప్రతి కాపలావాడి చేతిలోనూ ఎంతో కొంత పెట్టాలి.
ఏలినవాడు కరుణించినా
వాకిట భటుడు కరుణించాలి కదా,
సుంకాలు కట్టే జనానికి ఇది ఒకరు నేర్పాలా?

ఆ చలికాలం
అద్దకం మెనిస్కోస్ ఇంట్లో
దూరం నుంచొచ్చిన ఉత్తరం చదువుతున్నారంటే వెళ్ళాను.
నిజం చెప్పొద్దూ,
వేడి గంజి పోస్తారని వెళ్ళాను.
చదివినవాడు ఎపిక్తాస్, ఒంటికన్ను ముసలాడు.
దీపం దగ్గరికి జరిగీ జరిగీ
నుదుటి మీది వెంట్రుకలు కాల్చుకున్నాడు.

నేను గీసిన పేర్లన్నీ,
గీయడానికి భయపడి వదిలేసిన పేర్లు కూడా,
ఒక్కడి చేతిలో పుట్టినవేనట.
ఆ చేతుల్లోకి మేకులు దిగాయట.

నా సూది గుర్తొచ్చింది.
రేకు నొప్పి ఎరగదు.
దూత కూడా ఎరగడేమో,
నెత్తురు లేనివాడికి నొప్పేమిటి?
చావు లేనివాళ్ళందరి మీదా
చచ్చి లేచినవాడు పెద్ద!
ఇదేం వరసని
రాత్రంతా అటూ ఇటూ దొర్లాను.

కొన్నాళ్ళు వాళ్ళకన్నా ఒక మెట్టు కింద ఉన్నాడట.
ఆకలేసిందట. తోటలో ఒళ్ళంతా చెమటలు పోశాయట.
దూత ఒకడొచ్చి దగ్గర నిలబడ్డాడట.
ఆ దూతని తలుచుకుంటే నాకు జాలేసింది,
తనని చేసినవాణ్ణి ఓదార్చడానికి
ముందు ఏ చెయ్యి చాపాడో, పాపం.
పిలిస్తే సేనలు దిగేవట.
పిలవలేదట.
అధికారమంటే పిలవగలగడం అనుకునేదాన్ని.
అక్కడే ఆగిపోయాను.

నేను పుట్టుదాసిని.
పెద్దింటి వంటసాల వాకిట
మా మాట అయ్యగారి చెవిన వెయ్యమని
పేదాళ్ళు నాకు కోడిగుడ్లు ఇచ్చేవాళ్ళు.
గుడ్లు తిన్నాం.
మాట మాత్రం గడప దాటలేదు.
దూతలు అలా తిన్నారని అనను,
వాళ్ళు నాకన్నా మంచివాళ్ళు.
ఎవరైనా కాళ్ళమీద పడబోతే
లే, మేమూ పనివాళ్ళమేనంటారట.

నిన్నగాక మొన్న అర్ధరాత్రి
బబేయిస్ తలుపు బాదింది.
భుజం మీద కూతురు, ఒళ్ళు పెనంలా కాలుతోంది.
జ్వరం దూత కావాలంది.
అలవాటు చొప్పున పెట్టె తెరిచాను,
రేకు తీశాను, సూది తీశాను,
చెయ్యి ఆడలేదు.
"ఒక్క పేరే ఉంది నా దగ్గర,
అది అమ్మను" అన్నాను.
"ఎక్కువిస్తాలే" అని
రాగి నాణేలన్నీ కుమ్మరించింది.
ఏం చెప్పను దానికి?
గుడ్డ తడిపి పిల్ల నుదుట వేసి
ఆ ఒక్క పేరూ పలుకుతూ కూర్చున్నాను.

కోడికూతకి పిల్లకి చెమట పట్టింది.
తడిగుడ్డ పనో, ఆయన మాటో,
ఆయన పంపగా వచ్చిన వాడెవడో.
వచ్చి ఉంటే మటుకు
పేరు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.
నాణేలు ఏరి కొంగున కట్టి పంపాను.

తలుపు మీది రేకు ఇంకా తియ్యలేదు.
గాలేస్తే మోగుతుంది,
పిచ్చుకలు బెదురుతాయి.
ఎండబెట్టిన గింజలకి
అదీ ఒక కాపలా.